కాందిశీకుడి దిక్కు

తెలుగులో కొన్ని మాటలు పేపరు దాకా వచ్చి ఇంటి గడప దగ్గర ఆగిపోయాయి. కాందిశీకుడు అలాంటి మాట. చదువుతాం, రాస్తాం, రేడియో వార్తల్లో విన్నాం. ఇంట్లో మాత్రం అనం. "పక్కింట్లో కాందిశీకులు దిగారే" అని ఏ ఇల్లాలూ అనగా నేను వినలేదు. బర్మా కాందిశీకులు, టిబెట్ కాందిశీకులు, తూర్పు పాకిస్తాన్ కాందిశీకులు అంటూ రెండు మూడు తరాల తెలుగువాళ్ళు ఈ మాటని అర్థం అడక్కుండా మాత్రలా మింగేశారు. విప్పి చూస్తే అందులో మనిషి కనిపించడు. ఒక ప్రశ్న కనిపిస్తుంది.

కాం దిశమ్? ఏ దిక్కుకి?

"ఏ దిక్కుకి పోను?" అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. పాత వ్యాఖ్యాతలు చెప్పిన వ్యుత్పత్తి ఇది. అమరసింహుడు అంత దూరం పోకుండా, భయంతో పారిపోయేవాడని అర్థం చెప్పి ఊరుకున్నాడు. కానీ మాట ఆకారం చూడండి. 'కాం' అన్న ద్వితీయా విభక్తి రూపం అరగకుండా కరగకుండా అలాగే నిలిచిపోయింది. మాటలు కలిసి సమాసం అయ్యేటప్పుడు విభక్తి ప్రత్యయాలు రాలిపోవడం సంస్కృతంలో మామూలు. ఇక్కడ రాల్చుకునే తీరిక దొరకలేదు. పారిపోతున్నవాడి నోట్లోంచి వాక్యం సగం బయటికి రాగానే ఎవరో పట్టుకుని దాన్నే అతనికి పేరుగా పెట్టినట్టుంది.

ప్రశ్నలోంచి పుట్టిన మాటలు ఇంకో రెండు మనకు బాగా తెలుసు. 'ఏం చెయ్యమంటారు?' అని చేతులు కట్టుకు నిలబడేవాడు కింకరుడు. 'ఏమనుకుంటున్నారు?' అని చెవి ఒగ్గితే వినబడేది కింవదంతి. పరుగెత్తేవాడు, చేతులు కట్టుకున్నవాడు, పుకారు. ఈ మూడు ప్రశ్నలూ ఒకే ఊళ్ళో ఒకే నెలలో ఎదురుపడ్డ సందర్భం ఒకటుంది. ఊరు కలకత్తా. నెల 1950 ఫిబ్రవరి.

అక్కడికి పోయేముందు మన ఇంటి మాట ఒకటి. విశాఖలో హౌరా రైలెక్కితే విజయనగరం చేరేలోపే కొత్తవలస తగులుతుంది. ఉత్తరాంధ్రలో 'వలస' తోక ఉన్న ఊళ్ళకి కొదవలేదు. ఇవాళ వలస అంటే కూలి కోసం పోవడం. పాలమూరు వలస, శ్రీకాకుళం వలస. బ్రౌన్ నిఘంటువు రాసేనాటికి అర్థం వేరు. శత్రువుల దండు వస్తోందన్న భయంతో ఊరు విడిచి పోవడం వలస. అంటే, యుద్ధానికి వెరచి పరుగెత్తడానికి మనకంటూ ఒక మాట ఉండగానే పత్రికలవాళ్ళు అమరకోశం దాకా వెళ్ళారన్నమాట. ఎందుకో ఊహించవచ్చు. వలస పనికి పేరు. ఆ పని చేసినవాణ్ణి ఏమనాలో తెలుగు చెప్పలేదు. దండు పోగానే తిరిగొచ్చి తన ఇంటిపేరుతోనే బతుకుతాడు కదా, వేరే పేరెందుకు అనుకుని ఉంటుంది.

1949 డిసెంబర్లో తూర్పు బెంగాల్లోని ఖుల్నా జిల్లా, కాల్శిరా అనే పల్లెకి కమ్యూనిస్టుల కోసం పోలీసులు వెళ్ళారు. గొడవలో ఒక కానిస్టేబుల్ చచ్చిపోయాడు. ఆ కసి చుట్టుపక్కల నామశూద్రుల, అంటే అక్కడి దళిత రైతుల, ఊళ్ళ మీద తీరింది. తప్పించుకున్నవాళ్ళు జనవరిలో సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్లో పడ్డారు. ఇటు ఢిల్లీలో గణతంత్రం పుట్టిన నెల అది, తోరణాలింకా వాడలేదు. వచ్చినవాళ్ళతో పాటు కథలు వచ్చాయి. కలకత్తాలో ముస్లింల మీద దాడులు మొదలయ్యాయి. ఆ కథలు మళ్ళీ తూర్పుకు ప్రయాణం కట్టాయి. ఫిబ్రవరి 10న ఢాకా అంటుకుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సుకుమార్ సేన్ అప్పుడు ఢాకాలోనే ఉన్నాడు, అవతలి ప్రధాన కార్యదర్శితో చర్చలకు వెళ్ళి. మరుసటి నెలలో దేశానికి మొట్టమొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయింది ఆయనే. ఓటర్ల జాబితా చేయించాల్సిన మనిషికి, జనం ఏ ఊళ్ళో ఉన్నారో ఏ ఊళ్ళో లేరో తేలని చోటి నుంచే ఉద్యోగం మారింది.

తర్వాత బరిసాల్. ఫజ్లుల్ హక్‌ని కలకత్తాలో చంపేశారట అన్న పుకారు అక్కడ చాలింది. హక్ ఆ ప్రాంతపు బిడ్డ, 1940లో లాహోర్ తీర్మానం ప్రవేశపెట్టిన మనిషి. నిక్షేపంగా బతికే ఉన్నాడు. ఇంకో పన్నెండేళ్ళు బతికాడు. కింవదంతి అన్న మాటలో 'కిం' ఉన్నది అడగమని. బరిసాల్లో ఆ 'కిం' ఎవరూ పలకలేదు. ఆ మాటకొస్తే తెలుగులో మనమూ పలకడం మానేశాం. కింవదంతిలో తల కోసేసి 'వదంతి' అని వాడుకుంటున్నాం. ఏమంటున్నారు అన్నది పోయి అంటున్నారు అన్నది మిగిలింది. ప్రశ్న తీసేసిన మాట ఎంత దూరమైనా, ఎంత వేగంగానైనా పోగలదు.

తూర్పు నుంచి వచ్చే రైళ్ళకి కలకత్తాలో ఆఖరి స్టేషన్ శియాల్దా. పట్టాలు అక్కడితో సరి. ఇవాళ ఆ ప్లాట్‌ఫారాల మీద నిలబడితే లోకల్ రైళ్ళ జనం మనల్ని తోసుకుంటూ పోతారు, ఎవరికీ ఏ దిక్కుకి అన్న అనుమానం ఉండదు. 1950లో ఆ రాళ్ళ మీద కుటుంబాలు వారాలూ నెలలూ కాపురం ఉన్నాయి. ఆ ఏడాది పశ్చిమ బెంగాల్లోకి వచ్చినవాళ్ళు పది లక్షల పైమాటే. మొదటి విడతలో, 1947, 48ల్లో, వచ్చింది ఎక్కువగా వకీళ్ళు, గుమాస్తాలు, టీచర్లు. ఈసారి నాగలి పట్టినవాళ్ళు, అందులో నామశూద్రులు చాలామంది. హౌరా, కలకత్తాల నుంచి తూర్పుకు పరుగెత్తిన ముస్లింలు కూడా లక్షల్లోనే ఉన్నారు. ఒకే దారిలో రెండు వైపులకీ ఒకే ప్రశ్న నడిచింది.

వీళ్ళని ఏమని పిలవాలో ఒక్కొక్క భాష ఒక్కొక్కలా తేల్చుకుంది. బెంగాలీలో ఉద్బాస్తు, వాస్తు నుంచి పెరికేసినవాడు. మనకు వాస్తు అంటే ఈశాన్యం మూల బరువు పెట్టకూడదన్న పేచీ. వాళ్ళకు బాస్తు అంటే ఇల్లు నిలిచిన నేల, తాతల నాటి పాదు. అది పోగొట్టుకున్నవాడు బాస్తుహారా. సంఘాలు పెట్టుకున్నప్పుడు వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేర్లలో ఈ మాట బాగా వినబడింది. కలకత్తా నుంచి ఢాకా చేరిన ముస్లిం మొహాజిర్ అయ్యాడు. హిజ్రత్ చేసినవాడు, అంటే వదిలి రావడంలోనే కాస్త పుణ్యం ఉన్నవాడు. హిందీలో శరణార్థి. ఈ మాటకి తెలంగాణలో ఒక వింత గతి పట్టింది. శరణార్థి నలిగి నలిగి శనార్తి అయి, దండం పెట్టే మాట కింద మిగిలింది. "పటేలా, శనార్తి" అన్న పాలేరుకి తాను శరణు వేడుతున్నానని తెలియదు, అందుకున్న పటేలుకీ తెలియదు. తెలియకుండానే ఆ ఇద్దరి ఎత్తూ పల్లమూ మాత్రం ఆ మాట సరిగ్గానే మోసింది. మన సర్కారు కాగితాల్లో నిర్వాసితులు అన్నది ఆనకట్టల కింద ఊళ్ళు మునిగినవాళ్ళకు స్థిరపడింది. పోచంపాడు నిర్వాసితులు, పోలవరం నిర్వాసితులు. నీళ్ళు తరిమితే ఒక పేరు, మనుషులు తరిమితే ఒక పేరు.

ఉద్బాస్తు చూపు వెనక ఉన్న ఇంటి మీద. మొహాజిర్ చూపు వదిలి వచ్చిన ఆ గడియ మీద. శరణార్థి ఎదుటివాడి మొహం చూస్తాడు. ఎటు చూడాలో తెలియనివాడు మన కాందిశీకుడొక్కడే. బెంగాలీలో దిశేహారా అనే మాట ఉంది, దిశ పోగొట్టుకున్నవాడు. అది దారి తప్పినవాడికీ బెంబేలు పడ్డవాడికీ మామూలుగా వాడే మాట. కాందిశీకుడికి చుట్టం లాంటిది.

తెలుగులో అతని కష్టం ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఎందుకంటే దిక్కుకి మన దగ్గర రెండర్థాలు. తూర్పు దిక్కు ఒకటి. నువ్వే దిక్కు ఒకటి. మొదటిది సంస్కృతం ఇచ్చింది. రెండోది దక్షిణాదిన మనమూ కన్నడిగులూ చేర్చుకున్నాం. దిక్కులేనివాడు, దిక్కూ మొక్కూ లేనివాడు, దిక్కుమాలినవాడు. కసిరి పంపేటప్పుడు "దిక్కున్న చోట చెప్పుకో" అంటాం. కనక తెలుగు చెవికి కాందిశీకుడి ప్రశ్న ఎటు పోను అన్నట్టూ వినబడుతుంది, నాకెవరు దిక్కు అన్నట్టూ వినబడుతుంది. రెండోదానికి జవాబు చెప్పేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. నేనున్నాను నీకు దిక్కు అన్న మనిషి, మరుక్షణమే వేలెత్తి ఒక దిక్కు చూపిస్తాడు. దిగ్విజయం, దిగ్బంధం అనే యుద్ధపు మాటలు కూడా ఆ దిక్కులోంచే వచ్చాయని ఆ వేలు చూసేవాడికి గుర్తుండదు.

1950 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో ఆ వేళ్ళన్నీ తూర్పునే చూపించాయి. సైన్యాన్ని పంపండి. లేదంటే జనాభాని మార్చుకోండి, అక్కడి హిందువులంతా ఇటు, ఇక్కడి ముస్లింలంతా అటు. అదీ కుదరదంటే వచ్చినవాళ్ళకి సరిపడా భూమి తూర్పు బెంగాల్ నుంచి కోసి తీసుకోండి. పత్రికలు ఈ పాట రోజూ పాడాయి, సభల్లో ఇదే మాట. చూపిన వేళ్ళు మాత్రం ఒక చేతివి కావు. కొంచెం నిదానించి చూస్తే ఒక్కొక్క వేలు వెనక ఒక్కొక్క లెక్క కనబడుతుంది.

పాలక కాంగ్రెస్ సంగతి చూడండి. 1949 జూన్‌లో దక్షిణ కలకత్తా ఉప ఎన్నికలో శరత్ చంద్ర బోస్ చేతిలో అది చిత్తుగా ఓడింది. మరుసటి నెలలో నెహ్రూ కలకత్తా మైదానంలో సభ పెడితే బాంబు పడింది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఊళ్ళో తిండి చాలదు, ఉద్యోగాలు చాలవు, పార్టీలో ముఠాలకు లోటు లేదు. కోపాన్ని ఢిల్లీ మీదికో ఢాకా మీదికో మళ్ళిస్తే తప్ప నిలదొక్కుకోలేని పరిస్థితి. హిందూ మహాసభకు గాంధీ హత్య తర్వాత తలెత్తుకునే మొహం లేకపోయింది. ఇప్పుడు ఎత్తుకోవడానికి ఒక జెండా దొరికింది. తూర్పున జమీలూ, శిస్తులూ, పెంకుటిళ్ళూ, చెరువులూ వదిలేసి కలకత్తాలో వకీళ్ళుగా, సంపాదకులుగా ఉన్న భద్రలోకులకు తూర్పు వైపు అన్నది భౌగోళిక శాస్త్రం కాదు, సొంత ఆస్తి దస్తావేజు.

జనపనార మాట వేరుగా చెప్పాలి. దేశ విభజన గీత మిల్లుల్ని ఇటు పెట్టి జనుము పండే మంచి పొలాల్ని అటు పెట్టింది. 1949 సెప్టెంబర్లో బ్రిటన్‌తో పాటు భారత్ రూపాయి విలువ తగ్గించింది. పాకిస్తాన్ తన రూపాయిని తగ్గించలేదు. పాత ధరకు కొంటామని ఒకరు, కొత్త ధరకే అమ్ముతామని ఒకరు. అటు నుంచి జనుము ఆగింది, ఇటు నుంచి బొగ్గు ఆగింది. కాల్శిరాలో పోలీసులు అడుగు పెట్టేసరికే రెండు దేశాల మధ్య ఒక యుద్ధం నడుస్తోంది, తుపాకులు లేవంతే. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్, కాంకినారా మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడ్డవాళ్ళలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పోయిన మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ అందరూ వాళ్ళని మద్రాసీలనేవారు. వాళ్ళ వారం కూలీ కూడా ఆ సరిహద్దు మీదే వేలాడింది.

వీటన్నిటి కింద ఒక న్యాయమైన పుండు ఉంది. పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళకు ఢిల్లీ పునరావాసం అంది. బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకు సహాయం అంది. రెండు మాటలకీ తేడా ఏమిటంటే, పునరావాసం ఉండిపోయేవాడికి, సహాయం తిరిగి వెళ్ళిపోయేవాడికి. తూర్పు బెంగాల్ హిందువులు కొన్నాళ్ళుండి వెనక్కి పోతారన్నది ఢిల్లీ నమ్మకం, కోరిక కూడా. కలకత్తాకి మండింది. ఇందులో ఏ కారణమూ అబద్ధం కాదు, అదే చిక్కు. ప్రతిదానిలో నిజం ఉంది, ప్రతిదానిలో సొంత లెక్క ఉంది, అన్నిటికీ ముందు కాందిశీకుడి మొహమే కట్టారు. అతను అడిగింది ఎటు పోను అని. అతని తరఫున దేశాన్ని అడిగింది యుద్ధానికి పోతావా లేదా అని.

ఇక్కడ ఇంకో మాట దగ్గర కాసేపు ఆగాలి. ప్రాంతం. సంస్కృతంలో ప్రాంతం అంటే అంచు, కొస. బెంగాలీలో ఇవాళ్టికీ ప్రాంతో అంటే అంచే. ప్రాంతిక్ అంటే అంచున బతికేవాడు. మనం దాన్ని భూభాగం చేసేశాం: తీర ప్రాంతం, ప్రాంతీయ పార్టీ, ప్రాంతీయ ఆకాంక్షలు. సీమ కూడా అంతే. సంస్కృతంలో అది హద్దు. మనకు రాయలసీమ, కోనసీమ. దేశంలో ఒక ముక్కకి పేరు పెట్టబోయి తెలుగు రెండుసార్లూ సరిహద్దు రాయినే తీసుకొచ్చి నడి ఊళ్ళో పాతింది. ఈ తికమక కలకత్తా విషయంలో మాత్రం కచ్చితంగా సరిపోతుంది. 1911 దాకా అది రాజధాని, నడిబొడ్డు. 1947 ఆగస్టు తర్వాత పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నంలోపు పరాయి దేశం వచ్చేంత అంచు. రెండర్థాల్లోనూ ప్రాంతం అయింది. దేశం మధ్యలో కూర్చున్నవాడికి యుద్ధం విధానం. అంచున ఉన్నవాడికి పొరుగింటి తగాదా. దాంట్లో కోపం ఎక్కువ, లాభనష్టాలు కళ్ళెదుటే, దళాలు మాత్రం ఢిల్లీవి. ప్రాంతీయ కారణాలతో పుట్టే యుద్ధోత్సాహంలో ఈ సౌకర్యం ఎప్పుడూ ఉంటుంది. నిప్పు సొంతం, కట్టెలు ఉమ్మడి.

ఢిల్లీలో నెహ్రూ కూడా కదిలాడు. ఫిబ్రవరి 23న పార్లమెంటులో, మేం సూచించిన పద్ధతులకు ఒప్పుకోకపోతే ఇతర పద్ధతులు చూడాల్సి రావచ్చన్న అర్థంలో మాట్లాడాడు. 'ఇతర పద్ధతులు'. యుద్ధం పేరెత్తకుండా యుద్ధాన్ని సభలోకి పిలిచి కుర్చీ వేసిన మాట అది. సరిహద్దుల వైపు సైన్యం కదిలింది కూడా. మార్చిలో కలకత్తా వచ్చి చూశాడు. ప్రధాని పదవి వదిలేసి మామూలు మనిషిగా బెంగాల్లో తిరగాలన్న ఆలోచన ఆయన్ని ఆ రోజుల్లో పట్టి పీడించింది. సొంత పార్టీలోనే చాలామంది ఆయన కంటే కలకత్తాకి దగ్గరగా ఉన్నారు. అయినా ఆయన లెక్క వేరు. యుద్ధం మొదలైన గంటకి తూర్పున మిగిలిన కోటి మంది హిందువులూ, ఇటు మిగిలిన ముస్లింలూ ఏమవుతారు? కాపాడతామని బయలుదేరే సైన్యం చేరేలోపు కాపాడాల్సినవాళ్ళు ఉండరు. ఏప్రిల్ 2న పాకిస్తాన్ ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ ఢిల్లీ వచ్చాడు. 8న ఒడంబడిక అయింది: ఎవరి దేశంలో అల్పసంఖ్యాకుల్ని వాళ్ళు కాపాడాలి, పోయినవాళ్ళు తిరిగి రావచ్చు, ఆస్తి ఆస్తిగానే ఉంటుంది.

ఇద్దరు బెంగాలీ మంత్రులు రాజీనామా చేశారు. శ్యామాప్రసాద్ ముఖర్జీ, క్షితీశ్ చంద్ర నియోగీ. నియోగీ 1947లో కాందిశీకుల సహాయ పునరావాసాలకు మొట్టమొదటి మంత్రి. ఆ శాఖలో ఉండి ఏం చూశాడో ఆయనకే తెలియాలి. ముఖర్జీకి కలకత్తా బ్రహ్మరథం పట్టింది. ఆ వెనకే ఉప ప్రధాని పటేల్ కలకత్తా వెళ్ళి ఒడంబడిక తరఫున మాట్లాడాడు. తన మనసుకు పట్టని పనిని ఒప్పించడానికి వెళ్ళిన మనిషి మాట జనం కొంత విన్నారు. ఒడంబడిక వల్ల అంతా చక్కబడిందనడం అన్యాయం. కొన్ని లక్షల మంది రెండు వైపులా తిరిగి వెళ్ళారు, మరికొన్ని లక్షలు వస్తూనే ఉన్నారు. పాకిస్తాన్ న్యాయశాఖ మంత్రిగా ఉన్న జోగేంద్రనాథ్ మండల్, ఆ దేశాన్ని నమ్మి అక్కడే ఉండిపోయిన నామశూద్ర నాయకుడు, అదే ఏడాది అక్టోబర్లో రాజీనామా చేసి కలకత్తా చేరాడు. మంత్రి కూడా కాందిశీకుడయ్యాడు. యుద్ధం మాత్రం రాలేదు.

అసలు ప్రశ్న అడిగినవాళ్ళు ఈలోగా ఏం చేశారన్నది కలకత్తా పటం మీద ఇప్పటికీ చదువుకోవచ్చు. వాళ్ళు తూర్పుకీ పోలేదు, ఢిల్లీకీ పోలేదు. దక్షిణానికి, జాదవ్‌పూర్ వైపు నడిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన శిబిరాలు, జమీందార్ల పడావు భూములు, బురద, జమ్ము. రాత్రికి రాత్రి వెదురు తడికలు లేపి ఉదయానికి వీధులు గీశారు. ఈ కాలనీలకు జబర్‌దఖల్ కాలనీలని పేరు. ఈ మాటలో రెండు ముక్కలూ మనకు తెలిసినవే. జబర్దస్తీలో మొదటిది, భూమి దఖలు పడటంలో రెండోది. బలవంతంగా దఖలు పరచుకున్న నేల. పేర్లు చూడండి: బిజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్. గఢ్ అంటే కోట. తడిక గోడల వాడకి విజయదుర్గం అని పేరు పెట్టుకున్నారు. సైన్యం వదిలేసిన నేల మీద, సైన్యపు మాటల్ని తెచ్చుకుని, యుద్ధం అక్కర్లేని ఇల్లు కట్టుకున్నారు. జమీందారు గూండాలతో, పోలీసులతో చేసుకున్న యుద్ధాలు వేరే లెక్క. వాటిలో ముందు నిలబడింది చాలాసార్లు ఆడవాళ్ళు.

1950 ఆగస్టులో ఈ కాలనీల సంఘాలన్నీ కలిసి ఒక ఐక్య కేంద్ర మండలి పెట్టుకున్నాయి, అందులో వామపక్షాల చెయ్యి బలంగా ఉంది. ముఖర్జీ 1951 అక్టోబర్లో భారతీయ జనసంఘ్ స్థాపించాడు. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఆయన కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచాడు. శాసనసభలో జనసంఘ్‌కు వచ్చినవి 9 స్థానాలు, కమ్యూనిస్టులకు 28. తూర్పుకి వేలు చూపినవాళ్ళకు చప్పట్లు కొట్టిన జనం, పట్టా ఇప్పిస్తామన్నవాళ్ళ వెంట మెల్లగా నడిచారు. దిక్కు అన్న మాటకి రెండర్థాలని వాళ్ళకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అదే సరిహద్దు, అదే ప్రశ్న, జవాబు మారింది. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది. ఆ ఏడాది చివరికి ఇటు వచ్చినవాళ్ళు కోటికి దగ్గర, నలుగురిలో ముగ్గురికి దగ్గరగా పశ్చిమ బెంగాల్లోనే. అప్పుడే కడుతున్న సాల్ట్‌లేక్‌లో మురుగు కాలవల కోసం తెచ్చిన పెద్ద సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. థియేటర్ రోడ్డు 8వ నంబరు ఇంట్లో ప్రవాస బంగ్లాదేశ్ ప్రభుత్వం నడిచింది. అది అరవిందుల భవనం, రోడ్డు పేరు ఇప్పుడు షేక్స్‌పియర్ సరణి. తెలుగు పల్లెలకి కూడా ఆ ప్రశ్న అయిదు పైసల రూపంలో చేరింది. నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద మామూలు బిళ్ళ కాక శరణార్థి సహాయం బిళ్ళ ఇంకోటి అంటించాలి. కుటుంబ నియంత్రణ ప్రచారానికి అచ్చేసిన అయిదు పైసల బిళ్ళ మీదే ఆ మాట అదనంగా కొట్టి హడావిడిగా వదిలారు. 'చిన్న కుటుంబం' బొమ్మ మీద కోటి మంది ఇల్లు పోయిన ముద్ర.

ఈసారి కూడా కలకత్తాకి సొంత లెక్కలున్నాయి. మార్చి ఎన్నికల్లో మార్క్సిస్టులు అందరికన్నా పెద్ద పార్టీగా వచ్చి కూడా అధికారానికి దూరంగా ఉండిపోయారు. గద్దెనెక్కిన కూటమి మూడు నెలలు తిరక్కుండా కూలింది. జూన్ చివర రాష్ట్రపతి పాలన. వీధుల్లో నక్సలైట్లు, పోలీసులు, శవాలు. ఆ నిప్పుల కొలిమిలో లక్షల మంది ఆకలిగొన్న కొత్తవాళ్ళు స్థిరపడిపోతే ఏమవుతుందో అన్న భయం కలకత్తాది, అంతకన్నా ఎక్కువగా ఢిల్లీది. ఆ వేసవి నుంచి ఇందిరాగాంధీ ప్రభుత్వం పట్టుకున్న మాట ఒక్కటే. వీళ్ళు తిరిగి వెళ్ళి తీరాలి. 1950లో తిరిగి వెళ్తారు అన్నది మెత్తటి ఆశ, అందుకే ఒడంబడికతో తీరింది. 1971లో వెళ్ళి తీరాలి అన్నది షరతు. దిక్కుల్లోకెల్లా వెనక్కి అన్నదే బరువైన దిక్కు, ఎందుకంటే ఆ దిక్కున తరిమినవాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. వాణ్ణి లేపితే గాని ఆ దారి తెరుచుకోదు. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమటి విమానాశ్రయాల మీద బాంబులు వేసేవేళకి ఇందిరాగాంధీ ఉన్నది కలకత్తాలోనే, బ్రిగేడ్ పరేడ్ మైదానం సభకొచ్చి. 16న ఢాకాలో లొంగుబాటు. కొద్ది నెలల్లోనే కోటి మందిలో దాదాపు అందరూ వెనక్కి మళ్ళారు. మార్చి 1972లో కాంగ్రెస్‌కు పశ్చిమ బెంగాల్ శాసనసభలో 280కి 216 స్థానాలు. ఎన్నిక సక్రమంగా జరగలేదని మార్క్సిస్టులు సభనే బహిష్కరించారు, అది వేరే కథ. ఆ యుద్ధాన్ని నేను తప్పు పట్టబోవడం లేదు. అటువైపు జరిగిన దారుణం ఎంతటిదో దానికదే సాక్ష్యం. మాట పట్టుకుని నడుస్తున్నాను కనక ఒకటే గమనిస్తున్నాను. కాం దిశమ్ అన్నదాంట్లోంచి 'కాం' తీసేసినప్పుడల్లా మిగిలిన దిశ ఎవరిదన్నది అడిగినవాడి చేతిలో ఉండటం లేదు.

వెనక్కి పోలేని పాతవాళ్ళు ఉన్నారు కదా, 1950ల నాటివాళ్ళు. వాళ్ళకు ప్రభుత్వం ఇంకో దిక్కు చూపించింది, మన వైపు. 1958లో దండకారణ్య పథకం పెట్టి కోరాపుట్, మల్కన్‌గిరి, బస్తర్ అడవుల్లో దించింది. వరి నీళ్ళలో పుట్టినవాళ్ళని ఎర్రమట్టి మెరకల మీద. రాముడి వనవాసానికి పద్నాలుగేళ్ళే గడువు, వాళ్ళకి గడువే లేదు. 1978లో కొన్ని వేల కుటుంబాలు అక్కడి నుంచి లేచి సుందరవనాల్లో మరిచ్‌ఝాపి దీవికి పోయి దిగాయి. 1979లో అక్కడి నుంచి వాళ్ళని ఖాళీ చేయించింది ఒకప్పుడు కాలనీల ఉద్యమానికి ముందు నడిచిన వామపక్షాల ప్రభుత్వమే. నిర్బంధం, కాల్పులు, మళ్ళీ రైలు, మళ్ళీ అడవి.

మల్కన్‌గిరిలో వాళ్ళ ఊళ్ళకి పేర్లు లేవు, అంకెలున్నాయి. ఎం.వి. అని పెట్టి పక్కన ఒక సంఖ్య. మల్కన్‌గిరి విలేజ్ అన్న రెండు మాటల మొదటి అక్షరాలు. కొత్తవలస అన్న పేరు పెట్టినవాళ్ళు అంతకన్నా నయం. తెలంగాణలో కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం చుట్టుపక్కల ఇంకొన్ని కుటుంబాల్ని దించారు. అక్కడ ఒక ఊరికి నజ్రుల్‌నగర్ అని పేరు, కవి కాజీ నజ్రుల్ ఇస్లాం మీద. పాకిస్తాన్ నుంచి తరిమితే వచ్చిన హిందువులు తమ ఊరికి ముస్లిం కవి పేరు ఉంచుకున్నారన్న సంగతి కలకత్తా పత్రికల పాత సంపాదకీయాల్లో ఎక్కడా ఇమడదు. దసరాకి అక్కడ దుర్గ ప్రతిమ పెడతారు, చుట్టుపక్కల బతుకమ్మ ఆడేవాళ్ళు వచ్చి చూసి పోతారు. దశాబ్దాలు గడిచినా బెంగాలీ క్యాంపు అన్న మాట పోలేదు. మనుషుల్ని మాత్రం ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు కాందిశీకులు అనరు, శరణార్థులు అనరు. బెంగాలోళ్ళు అంటారు, ఏ దిక్కు నుంచి వచ్చారో దాన్ని బట్టి.